పంచవటిలో హేమంతము

మార్గశిరము ప్రవేశించుటతోడనే భాగ్యనగరమునకు పడమటి దిక్కున, మాదాపూరు నుండి కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు వ్యాపించిన క్రొత్త నగరమున ఇంటింట ఒక ప్రశ్న వినవచ్చుచుండును. "ఈ చలికాలపు సెలవులకు ఎక్కడికి వెళ్దాం?" 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిననాటికి ఆ పరిసరములలో ఎక్కువగా కానవచ్చినవి బండరాళ్లు, గుట్టలు, తుప్పలు. నేడు హైటెక్ సిటీ యని పిలువబడు ఆ ప్రాంతమందలి ఎత్తైన మేడలలో లక్షలాది జనులు కంప్యూటరుల ముందు కూర్చుండి ఖండాంతరములలోని సంస్థలకు పనిచేయుచున్నారు. వారి విశ్రాంతి కూడ ఆ దేశముల ననుసరించియే వచ్చును. డిసెంబరు చివరి వారమున అమెరికా, ఐరోపాలందలి కార్యాలయములు క్రిస్మస్సునకును, నూతన సంవత్సరమునకును మూతపడగా ఇచట పని పలుచబడును. పెక్కు సంస్థలలో ఏడాది ముగియులోపల వాడుకొనని సెలవులు మురిగిపోవును. కావున గోవా సముద్రతీరమా, అరకులోయయా, ఊటీయా, దుబాయియా అను చర్చ నవంబరులోనే మొదలగును.

సరిగా ఆ దినములే ధనుర్మాసము. డిసెంబరు నడుమ సూర్యుడు ధనూరాశిలో ప్రవేశించినది మొదలు భోగిపండుగ వరకు వైష్ణవాలయములలో తెల్లవారుజామున తిరుప్పావై సేవ జరుగును. తిరుమలలో నిత్యము వినిపించు సుప్రభాతమునకు బదులు ఈ నెలదినములు గోదాదేవి పాశురములతోనే స్వామికి మేలుకొలుపు. మాసములలో మార్గశిరము తానేయని గీతాచార్యుడు చెప్పియున్నాడు. 2025వ సంవత్సరమున వైకుంఠ ఏకాదశి జనవరి 10న ఒకమారు, డిసెంబరు 30న మరియొకమారు వచ్చినది. ఆ రెండవది కార్యాలయములు సెలవులలో నుండు వారముననే పడినది. పంచాంగమును, కార్యాలయపు క్యాలెండరును ఇట్లు ఒకచోట కలిసికొనినపుడు ఆస్తిక కుటుంబములలో ఆ ప్రశ్నకు బరువు హెచ్చును. ఉన్నవి వారము పది దినముల సెలవులు. వానిని ఎవరికి ఇచ్చుట?

భక్తిపత్రికలు ఇట్టి ప్రశ్నకు చెప్పు సమాధానము పాఠకులకు ముందే తెలియును: విహారము వలదు, తీర్థయాత్ర మేలు. ఈ సమాధానము తప్పని చెప్పుటకు వీలులేదు గాని, ఇది తొందరపడి చెప్పునట్టిది. రాత్రులను పగళ్లుగా చేసికొని, కూర్చున్నచోటనే కూర్చుండి పనిచేయు శరీరమునకు మార్పు కావలెను. తండ్రి ముఖమును ఆదివారము తప్ప చూడని పసివారికి అతని సాంగత్యము కావలెను. ఆహారవిహారములలో మితము పాటించువానికి యోగము సిద్ధించునని గీత ఆరవ అధ్యాయమున భగవానుడు సెలవిచ్చెను. విహారమును మానివేయుమని చెప్పలేదు. అదియుగాక, సముద్రతీరమునకు పోయినవారందరును భోగలాలసులనుటయు, తిరుమలకు పోయినవారందరును భక్తులనుటయు రెండును నిజము కావు. కొండపైకి పోయి, దర్శనమునకంటె ముందుగా ఏ గది దొరకినది, ఏ హోటలులో ఏమి లభించును అను విచారముతోనే రెండు దినములు గడపి వచ్చువారు లేకపోలేదు.

మంచి తావును ఎన్నుకొనుటయను విషయమున రామాయణమందు ఒక ఘట్టము గలదు. అరణ్యకాండమున అగస్త్యమహర్షి సూచనపై సీతారామలక్ష్మణులు గోదావరీతీరమందలి పంచవటికి చేరిరి. (ఆ పంచవటి భద్రాచల సమీపమందలి పర్ణశాలయే యని తెలుగువారు, నాసికయందని మహారాష్ట్రులు నమ్ముదురు. ఆ వివాదము ఇచట అప్రస్తుతము, గోదావరి ఇద్దరిదియును.) ఎచట నివసింపవలెనో చూడుమని శ్రీరాముడు తమ్మునితో చెప్పెను. ఎట్టి చోటు కావలెను? సీత సంతోషించునది, నీవును నేనును సంతోషించునది. నీరు దగ్గరగా నుండునది. అడవి అందము, నీటి అందము గలది. సమిధలు, పువ్వులు, దర్భలు సమీపముననే దొరకునది. ఇచట గమనింపదగిన విషయమేమనగా, పేర్కొనబడినవారిలో మొట్టమొదటిది సీత. పిమ్మట, కన్నులకింపైన తావును, అనుష్ఠానమునకు తగిన తావును స్వామి వేరు చేయలేదు. రెండును ఒక్కచోటనే కావలెననెను. విహారమా, తీర్థమా యని తగవులాడుకొను నేటి కుటుంబములకు ఇది కొంత ఊరట.

లక్ష్మణుడు చేతులు జోడించి ఇచ్చిన ప్రత్యుత్తరము శ్రీవైష్ణవులకు ప్రాణప్రదమైనది. నూరేండ్లైనను తాను పరతంత్రుడనే యనియు, ప్రభువే నచ్చిన తావును చూచి ఇచట కట్టుమని ఆజ్ఞాపింపవలెననియు ఆయన విన్నవించుకొనెను. నీకు నచ్చిన చోటనుటచే అన్నగారు తనను వేరుచేసి మాటలాడినట్లు ఆయన మనస్సు నొచ్చుకొనెనని పెద్దల వ్యాఖ్యానము. పారతంత్ర్యమునకు ఇంతకంటె నిదర్శనము లేదని ఆచార్యులు ఈ మాటను మరల మరల స్మరించిరి. అయితే కథ ఆ మాటతో ఆగలేదు. శ్రీరాముడు "లేదు లేదు, నీ ఇష్టమే" యని మరల ఆ బరువును తమ్మునిపై మోపలేదు. తానే నడచి, చుట్టును చూచి, లక్ష్మణుని చేయి తన చేతిలోనికి తీసికొని, ఇదిగో ఈ చోటు, ఇందుచేత బాగున్నదని చూపించెను. లక్ష్మణుడు నేలను చదును చేసి, స్తంభములు నాటి, వెదుళ్లు పరచి, శమీశాఖలు, దర్భలు, ఆకులు కప్పి పర్ణశాల నిర్మించెను. దానిని చూచిన శ్రీరాముడు తమ్ముని గాఢముగా కౌగిలించుకొని ప్రశంసించిన గుణములలో మొదటిది ఆయన భావజ్ఞుడగుట. హృదయమందున్నది చెప్పకయే ఎరిగినవాడని అర్థము. ఇట్టి పుత్రుడుండగా తండ్రి గతించినట్లు కాదని కూడ స్వామి పలికెను.

ఇక నేటి ఇంటికి రావచ్చును. కొండాపూరులో పదునాలుగవ అంతస్తునందలి ఒక ఇంటిని ఊహించుకొందురు గాక. తొలి మనుమరాలు పుట్టినపుడు కోనసీమలోని స్వగ్రామమునుండి సాయమునకు వచ్చిన ఒక తల్లి అచటనే నిలిచిపోయినది. భర్త లేడు. కొడుకు, కోడలు ఇరువురును ఉద్యోగులు. ధనుర్మాసమున ఆమె నాలుగు గంటలకే లేచును. కళ్లాపి చల్లుటకు నేల లేదు. గుమ్మము ముందున్న పలకలపై సుద్దముక్కతో చిన్న ముగ్గు వేయును. ఎనిమిది గంటలకు తుడుచు మనిషి వచ్చి దానిని తుడిచివేయును. అమెరికావారితో మాటలు ముగించుకొని రెండు గంటలకు పండుకొనిన కొడుకునకు నిద్రాభంగము కాకుండునట్లు ఆమె పాశురములను పెదవులు కదలునంత మాత్రముగా చదువుకొనును. ఇట్టి తల్లులు ఆ ప్రాంతమున ఒక్కరు కారు, వేలకొలది ఉన్నారు. సాయంకాలము ఆ మేడల క్రింది తోటలలోని బల్లలపై వరుసగా కూర్చుండి వారు మాటలాడుకొనునది వినినచో సగము తెలుగు దేశపు గ్రామముల పేర్లు వినిపించును.

ఒకనాటి రాత్రి భోజనమువద్ద సెలవుల ప్రస్తావన వచ్చినది. కొడుకు సముద్రమనెను. కోడలు కొండలనెను. పిల్లలు మంచు చూపించుమనిరి. చివరకు కొడుకు అడిగెను: "అమ్మా, నీకెక్కడికి వెళ్లాలనుంది?" ఆమె గిన్నెలు సర్దుచునే, "నాదేముంది నాయనా, మీ ఇష్టమే నా ఇష్టం" అనెను. అందరి మనస్సులును తేలికపడినవి.

ఆమె పలికినదియు లక్ష్మణుడు పలికినదియు పైకి ఒక్కటే మాట. అయినను తేడా కొండంత గలదు. లక్ష్మణుడు చేత ధనుస్సు గలవాడు, అడవినంతటిని శోధింపగల సమర్థుడు. తన సామర్థ్యమునంతటిని తెచ్చి అన్నగారి పాదములకడ ఉంచెను. అది సంపూర్ణుని సమర్పణము. ఆ తల్లికి టికెట్టు కొనుట తెలియదు. తన మోకాళ్ల నొప్పిచే నడక నెమ్మదియై అందరును ఆగవలసివచ్చునని తెలియును. తాను ఒక మాట అన్నచో కోడలి కొండలో, పిల్లల మంచో తప్పిపోవునని తెలియును. ఆమె తన ఇష్టమును సమర్పింపలేదు, మ్రింగినది. మ్రింగినదానిని సమ్మతిగా తీసికొనుట ఎంత సులభమో అంత అన్యాయము. ఇంటిలో ప్రతివారును మీ ఇష్టము, మీ ఇష్టము అనుచుండగా, తుదకు డబ్బు చెల్లించువాని ఇష్టమే అందరి ఇష్టముగా చెల్లుచుండుటను ఎవరు చూడలేదు?

కొడుకు దుష్టుడు కాడు. మరునాడు అతనికి తోచినది: అమ్మకు తిరుమల అన్న ఇష్టము గదా! మూడువందల రూపాయల ప్రత్యేకప్రవేశ దర్శనపు టికెట్లు ఎప్పుడు విడుదలయగునో కనిపెట్టియుండి సంపాదింపవలెననుకొనెను. రేణిగుంట వరకు విమానము, కొండపై గది. ఎంతమంది కొడుకులకు ఈ మాత్రము తలంపు కలుగును? మెచ్చుకొనవలసినదే. కాని అతడు ఇచటను ఊహించెనే గాని అడుగలేదు. ఆమె వయస్సులో ఉన్నపుడు భర్తతో అలిపిరినుండి మూడువేల అయిదువందల పైచిలుకు మెట్లను గోవిందనామము చెప్పుకొనుచు ఎక్కినది. ఆ దర్శనము ఆమె కన్నులలో నేటికిని చెక్కుచెదరక ఉన్నది. ఇప్పుడు ఆమె మనస్సు కొట్టుకొనుచున్నది తమ ఊరి వేణుగోపాలస్వామి గుడికై. ధనుర్మాసమున ఒకనాటి కట్టెపొంగలి కైంకర్యము వారి ఇంటి వంతు. ఆరేండ్లుగా దానికి డబ్బు పంపుటయే గాని తన చేతితో బియ్యము కడిగినది లేదు. తాళము వేసిన ఇల్లు, పొరుగువారు నీరు పోయుచున్న తులసి, భోగినాటి గోదాకల్యాణము. ఇవన్నియు ఆమె చెప్పదు. ఆ ఊరిలో పిల్లలు చూచుటకు ఏమున్నదని ఆమెకే అనుమానము.

గ్రామాలయము తిరుమలకంటె అధికమని దీని అభిప్రాయము కాదు. అర్చావతారము ఎచటనున్నను పరిపూర్ణమే యన్నది సంప్రదాయము. మరియొక తల్లికి నిజముగా తిరుమలయే కావలసియుండవచ్చును, అదియు వైకుంఠ ఏకాదశినాడే కావలసియుండవచ్చును. ఆ విషయమున మాత్రము ఒక మాట చెప్పక తప్పదు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్ల కొరకు వేచియున్న జనుల తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు ప్రాణములు కోల్పోయిరి. 2020 డిసెంబరు నుండి ఆ ద్వారము పది దినములు తెరచి ఉంచబడుచున్నది. ఏ దినమున పోవలెనో తమ చేతిలోనున్నవారు ఆ మొదటి దినమునకే పట్టుపట్టుట భక్తియా, లేక నలుగురితో చెప్పుకొను ముచ్చటయా అని తమ్ము తాము ప్రశ్నించుకొనుట మంచిది. ఒకరు వెనుకకు తగ్గినచో ఆ చోటు ఏడాదికొక్క దినము మాత్రమే పని మానుకొని రాగలిగిన మరియొకరికి లభించును.

చలి ప్రస్తావన వచ్చినది గనుక అనంతాళ్వారుల వృత్తాంతము తలపునకు రాక మానదు. నేడు చలియే ఒక ఆకర్షణ. చింతపల్లి మండలమందలి లంబసింగికి, అరకునకు జనులు వణకుటకే పోవుచున్నారు. సుమారు 2,800 అడుగుల ఎత్తుననున్న తిరుమల ఒకప్పుడు చలిచేతనే జనులు వెనుదీసిన కొండ. శ్రీరంగమున భగవద్రామానుజులు నమ్మాళ్వార్ల తిరువాయ్‌మొళికి అర్థము చెప్పుచు, తిరువేంగడమున స్వామికి పుష్పకైంకర్యము చేయువారెవరైన గలరాయని అడిగిరట. ఆ చలికి వెరచి శిష్యులందరును తలలు వంచుకొనగా అనంతాళ్వారొక్కరే లేచిరి. గర్భవతియగు భార్యతో కొండకు చేరి, పూలతోటకు చెరువు త్రవ్వనారంభించిరి. ఆయన త్రవ్వగా ఆమె మట్టి మోసెడిది. ఒక బాలుడు వచ్చి ఆమె తట్టను అందుకొనగా, కైంకర్యమున అన్యులకు పాలు లేదని ఆళ్వారులు కోపించి గునపము విసరిరి. అది బాలుని గడ్డమునకు తగిలినది. స్వామి చుబుకమున నేటికిని కర్పూరము అలంకరింపబడుటకు, మహాద్వారమువద్ద ఆ గునపము కానవచ్చుటకు కారణమిదియే.

ఈ కథను అనంతాళ్వారుల నిష్ఠకు ఉదాహరణముగా చెప్పుట పరిపాటి. అది యుక్తమే. అయినను మట్టితట్ట మోయుచున్న ఆ గర్భవతి వైపునుండి చూచినచో ఇందు మరియొక విశేషము కనబడును. కైంకర్యమున లీనమైన భర్త ఆమె అలసటను గమనింపలేదు. గమనించినవాడు స్వామి. తన పూలతోటకు జరుగుచున్న పనియే యైనను, అందు ఒక స్త్రీ అలసియున్నదని ఎరిగి సన్నిధినుండి దిగివచ్చి తట్ట పట్టుకొనెను. భావజ్ఞత్వమనగా ఇదియే గదా! తీర్థయాత్రల పేరిట తెల్లవారుజామున అందరికంటె ముందు లేచి, పులిహోర కలిపి, పిల్లలను సిద్ధముచేసి, సంచులు మోసి, దర్శనపు వరుసలో ఏడ్చు బిడ్డను ఎత్తుకొని నిలుచుండు గృహిణి ఎన్ని ఇండ్లలో లేదు? ఆమెకు ఆ యాత్రలో సెలవు ఏ దినమున వచ్చినదని యాత్రనుండి తిరిగివచ్చినవారు లెక్కించి చూచుకొనవలెను. ఆమె కొండలనినది బహుశః అందుకొరకే కావచ్చును: ఎవరికిని వండనవసరములేని రెండు దినముల కొరకు.

మరల పంచవటికి. శరత్తు గడచి హేమంతము వచ్చినది. అది శ్రీరామునకు ప్రియమైన ఋతువని వాల్మీకి లక్ష్మణుని నోట పలికించెను. తెల్లవారకమునుపే అన్నగారు గోదావరీస్నానమునకు బయలుదేరగా, కలశము పట్టుకొని వెనుక నడచుచు లక్ష్మణుడు ఆ చలికాలపు శోభను వర్ణించుచున్నాడు. పొగమంచు, వంగిన వరిచేలు, దప్పిగొని కూడ చల్లని నీటిని తాకి తొండమును వెనుకకు తీసికొను అడవి ఏనుగు. ఇంత సౌందర్యమును చెప్పుచున్నవాడు హఠాత్తుగా భరతుని తలచుకొనెను. ఈ చలిలో నేలపై పండుకొని, మితముగా భుజించుచు, ఈ వేళకే సరయువులో ఎట్లు మునుగుచున్నాడో గదా, సుఖమున పెరిగిన సుకుమారుడు! ఈ మాట పలికినవాడు, మునుపు చిత్రకూటమున భరతుని సైన్యమును చూచి అతనిని చంపుదునని ధనుస్సు పట్టిన లక్ష్మణుడే. చలి ఆ మనస్సును కరగించినది. అందమైన చోటికి వచ్చినపుడు రానివారు జ్ఞాపకమునకు వచ్చుట, తన శరీరమునకు చలి తగిలినపుడు దూరమందున్న మరియొక శరీరమునకు తగులుచున్న చలి తెలియుట ఇచట కానవచ్చును. ఆ వెంటనే అతడు కైకను నిందింపబోగా శ్రీరాముడు వారించి, అమ్మను అనవలదు, ఆ భరతుని మాటయే చెప్పుమనెను.

సెలవులకు పోలేనివారు ప్రతి కార్యాలయమునను ఉందురు. యంత్రములు పండుగ ఎరుగవు; ఎవరో ఒకరు వానిని కనిపెట్టి ఉండవలెను. ఆ వంతు సాధారణముగా క్రొత్తగా చేరిన కుర్రవానికో, పెండ్లికానివారికో, అడుగుటకు నోరులేనివారికో పడును. మేడ క్రింద కావలి కాయు మనిషికి ఆ రాత్రులలో కప్పుకొనుటకు ఏమున్నదో పై అంతస్తులవారికి తెలియదు. తిరుప్పావైలో ఆరవ పాశురము మొదలు పదునైదవ పాశురము వరకు గోదాదేవి పదిమంది చెలులను ఇంటింటికి పోయి లేపినది. స్వామిని తాను ముందుగా చేరవలెనని ఆమె పరుగెత్తలేదు. మిక్కిలి నిద్రపోవుచున్నవారిని, అలిగినవారిని, లోపలనే ఒంటరిగా కృష్ణానుభవమున మునిగినవారిని సహితము వెంటబెట్టుకొనియే వెళ్లినది. అటుచూచిన ఆమె బృందావనమునకు ప్రయాణమే కట్టలేదు. శ్రీవిల్లిపుత్తూరునే గోకులముగను, తన చెలులనే గోపికలుగను భావించుకొని వ్రతము సలిపినదని పూర్వాచార్యులు వివరించిరి.

కొండాపూరు ఇంటిలో టికెట్లు ఇంకను కొనలేదు. ఆదివారము ఉదయమున కోడలు ఎందుకో నాలుగు గంటలకే లేచినది. గుమ్మము తెరచి చూడగా అత్తగారు వంగలేక పీటపై కూర్చుండి సుద్దముక్కతో ముగ్గు వేయుచున్నది. కోడలు ప్రక్కనే కూర్చున్నది. "అత్తయ్యా, ఈ నెలలో మీ ఊరి గుడిలో ఏమేం చేసేవారు?" అని అడిగినది. ఎక్కడికి పోదమని అడుగలేదు.

ఆమె మొదట ఏమున్నదిలే అమ్మాయీ అనినది. తరువాత పొంగలిలో మిరియములు దంచి వేయవలెనా, గింజలుగా వేయవలెనా అన్న విషయమున అర్చకస్వామికిని తన మామగారికిని ఏటేట జరిగిన వాదమును చెప్పినది. భోగినాడు గోదాదేవికి ఏ ఇంటినుండి పట్టుచీర వచ్చునో, ఏ ఇంటినుండి గాజులు వచ్చునో, చెప్పుచు చెప్పుచు చేతిలోని సుద్దముక్కను మరచినది. తెల్లవారునప్పటికి ముగ్గు సగములోనే ఉన్నది. లోపల కొడుకు లేచి, వాకిట వినవచ్చుచున్న మాటలకు ఆగి, తలుపుచాటున నిలుచుండి వినుచుండెను. కొంతసేపటికి అతడు ఫోను తీసికొని, లింగంపల్లిలో బయలుదేరి రాజమహేంద్రవరము మీదుగా పోవు రైలులో ఖాళీలు చూడసాగెను. పిమ్మట ఏమి తోచినదో, దానిని ప్రక్కన పెట్టి, తానును వచ్చి తల్లి ఎదుట నేలమీద కూర్చుండెను.